ఎన్ని ఆస్ట్రాలు?

రాయపురం చేపల మార్కెట్లో పొద్దున పదిన్నరకి పిస్టల్ పేలితే ఎవరూ తల తిప్పి చూడలేదు. ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుళ్ళలో అదీ ఒక చప్పుడు అనుకున్నారు. మనిషి నేలకొరిగాకే కేకలు లేచాయి.

పడినవాడు సుబ్బన్. హార్బర్లో క్రేన్ నడుపుతాడు. పాతికేళ్ళు కూడా ఉండవు.

సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకున్న గుమాస్తా ఒకడు గుంపును తోసుకుంటూ వచ్చి అతని పక్కన కూలబడ్డాడు. ఆ కళ్ళద్దాలకు పవర్ లేదు. ఆ మనిషి గుమాస్తా కాడు. సీక్రెట్ సర్వీస్ ఏజెంట్ కోదండరాం.

"సుబ్బా! ఎవర్రా కాల్చింది?"

సుబ్బన్ పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. పిడికిలి మాత్రం విప్పాడు. అందులో నలిగిన సిగరెట్ అట్టముక్క. దాని మీద పెన్సిలుతో వంకరటింకరగా ఇంగ్లీషు అక్షరాలు ఐదు. ఏ, ఎస్, టి, ఆర్, ఏ.

ఆస్ట్రా.

కోదండరాం ఆ అట్టముక్క జేబులో పెట్టుకుని సుబ్బన్ కళ్ళు మూశాడు. నిన్న సోమవారం సాయంత్రం ఇదే మార్కెట్ వెనక ఇద్దరూ మాట్లాడుకున్న మాటలు గుర్తొచ్చాయి.

"ఆ దొర హార్బర్లోనే తిరగతా ఉండాడన్నా. కూడా వచ్చినోడితో ఆస్ట్రా, ఆస్ట్రా అంటాడు. నేనింక ఆడికి పోనన్నా. భయంగా ఉండాది."

"ఒక్క రోజు సుబ్బా. ఆస్ట్రా అంటే ఏమిటో కనుక్కో, చాలు."

"నువ్వు పొమ్మంటే పోతా," అన్నాడు సుబ్బన్.

కోదండరాం పొమ్మన్నాడు. తర్వాత ఆఫీసుకి ఫోన్ చేసి సుబ్బన్ పేరు, పని, చెప్పిన మాట, అన్నీ పూసగుచ్చినట్టు రిపోర్ట్ ఇచ్చాడు. రిపోర్ట్ ఇవ్వడంలో అతనెప్పుడూ లోటు చెయ్యలేదు.

* * *

చింతాద్రిపేటలో కూవం నది ఒడ్డున గొడుగులు బాగుచేసే దుకాణం ఒకటుంది. మధ్యాహ్నం రెండింటికి కోదండరాం అక్కడ ఒక నల్ల గొడుగు చాచాడు.

"ఎండకా, వానకా?" అన్నాడు దుకాణంవాడు తలెత్తకుండా.

"రెంటికీ పనికిరాదు."

వెనక తలుపు తెరుచుకుంది. లోపల మద్రాసు విభాగం చీఫ్ గోపాలస్వామి నాయుడు, ఆయన పక్కన వైర్‌లెస్ ఆఫీసర్ కృష్ణన్ కూర్చుని ఉన్నారు. కృష్ణన్ ముప్ఫై ఏళ్ళవాడు. చురుకైనవాడు, మాట నిదానం. కోదండరాంతో ఐదేళ్ళు కలిసి పనిచేశాడు.

"దా కోదండం," అన్నాడు చీఫ్. "ఢిల్లీవాళ్ళు ఒక రహస్య మెసేజ్ పట్టి మనకి పంపినారు. విను. 'ఆస్ట్రా రెడీ. మద్రాసు. గురువారం పదహారు గంటలు.' అంటే సాయంత్రం నాలుగు. పంపినోడు వెర్నర్. మౌంట్ రోడ్డులో టెలిస్కోపులు అమ్ముతాడే, ఆ దొర. హార్బర్లో రత్నగిరి అని ఓడ ఉండాది. దాని కడుపు నిండా మిలిటరీ మందుగుండు. ఇంజిన్ విప్పి పెట్టినారు, శుక్రవారం దాకా కదల్దు. అది పేలితే రాయపురం మిగల్దప్పా."

"వెర్నర్‌ని పట్టుకుంటే?"

"దొర గారు నిన్న రాత్రి నుంచి పత్తా లేడు. సరే, ఈ ఆస్ట్రా ఏంది? నాకు తోచేది మన అస్త్రమే. ఆయుధం."

"స్పెయిన్ దేశపు పిస్టల్ ఒకటి ఆ పేరుతో ఉంది సార్," అన్నాడు కృష్ణన్. "సుబ్బన్‌కి తగిలిన గుండు దానిదేనని ఇప్పుడే రిపోర్ట్ వచ్చింది."

"రంగూన్ నుంచి రేపు వచ్చే ఓడ పేరు కూడా ఆస్ట్రాయే," అన్నాడు కోదండరాం.

"గిండీ రేసుల్లో ఆ పేరుతో గుర్రం ఒకటుండాది," అన్నాడు చీఫ్, ఆ సంగతి తనకెలా తెలుసో చెప్పకుండా.

కృష్ణన్ షెల్ఫులోంచి లావుపాటి డిక్షనరీ తీసి వేలు పెట్టి చదివాడు. "ఉత్తర యూరప్‌లో ఆడపిల్లల పేరు. లాటిన్‌లో... నక్షత్రం."

"నక్షత్రం," అన్నాడు చీఫ్. "అంటే స్టార్."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెర్నర్ పార్టీలన్నిటికీ వెళ్ళే స్టార్ మద్రాసులో ఒక్కతే ఉంది. సినిమా డాన్సర్ కోకిల. ఆరు నెలలుగా వెర్నర్ ముఠాలో ఉంటూ ఆ రహస్యాలు కోదండరాంకి చేరవేస్తున్న డబుల్ ఏజెంట్.

"గురువారం ఓడ కాపలాకి ఎవరిని పెడదాం?" అన్నాడు చీఫ్.

"కృష్ణన్‌ని," అన్నాడు కోదండరాం. హార్బర్ పాస్ మీద తనే సంతకం చేశాడు.

* * *

బుధవారం పొద్దున కోదండరాం కస్టమ్స్ ఇన్స్పెక్టర్ వేషంలో ఆస్ట్రా ఓడ ఎక్కి ఎనభై బియ్యం బస్తాలు ఇనప చువ్వతో పొడిచాడు. బియ్యమే వచ్చాయి. మధ్యాహ్నం గుర్రాల డాక్టరుగా గిండీ వెళ్ళాడు. కాలికి కట్టు కట్టుకుని ఉన్న ఆస్ట్రా అనే ఆడగుర్రం అతని టోపీ కొరికింది. ఇంకెప్పుడైనా అయితే నవ్వుకునేవాడు. ఇప్పుడు కళ్ళు మూసినా తెరిచినా సుబ్బన్ మొహమే. 'నువ్వు పొమ్మంటే పోతా.'

ఐదింటికి మౌంట్ రోడ్డు హోటల్లో సిల్కు షర్టు, బంగారు గొలుసుతో ఫిల్మ్ ప్రొడ్యూసర్‌గా కూర్చున్నాడు. వేలి సందున ఫౌంటెన్ పెన్. క్యాపులో కెమెరా.

కోకిల నీలం జార్జెట్ చీరలో వచ్చి ఎదురుగా కూర్చుంది. హాలంతా ఆమెకేసే చూసింది.

"రేపు నాలుగింటికి," అంది పెదవులు కదలకుండా. "సరుకు ఓడలోకి వెళ్ళే దారి దొరికిందని వెర్నర్ ఎక్కణ్ణుంచో ఫోన్ చేసి తెగ సంబరపడ్డాడు."

"తీసుకెళ్ళేది ఎవరు?"

"తెలీదు."

"ఆస్ట్రా ఎవరు?"

"నాకొచ్చే ఆర్డర్ల పైన ఆ మాట ఉంటుంది. నన్నే అనుకుంటున్నాను. స్టార్‌నని వేళాకోళం."

కాఫీ కప్పులు పట్టుకొచ్చిన వెయిటర్ ట్రే దించాడు. వెయిటర్ కృష్ణన్. కప్పులు పెడుతూనే బల్ల మీది ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరిచి చూపించాడు. లోపల పౌడరు డబ్బా కింద చిన్న నల్ల పిస్టల్. పిడి మీద ఆస్ట్రా అన్న పేరు స్పష్టంగా ఉంది.

"అది నాది కాదు!" అంది కోకిల.

కోదండరాం ఆ పిస్టల్‌కేసే చూస్తూ ఉండిపోయాడు. సుబ్బన్ చావుకి ఎవరో ఒకరు దొరికారు. తను కాకుండా ఇంకొకరు. ఆ ఊరట ఎంత తీయగా ఉందంటే, దాన్ని రుచి చూసినందుకే అతనికి సిగ్గేసింది. అయినా వదులుకోలేకపోయాడు.

"కోదండరాంగారూ, నా మొహం చూసి చెప్పండి, నేను చంపానని."

అతను చూడలేదు. "అరెస్ట్ చెయ్యి," అన్నాడు కృష్ణన్‌తో.

* * *

గురువారం మూడు గంటలకి కోదండరాం వేషం లేకుండా రాయపురంలో సుబ్బన్ ఇంటికి వెళ్ళాడు. వలలు ఆరబెట్టిన సందులో ఒంటి గది. సుబ్బన్ తల్లి కన్నియమ్మ గడపలో కూర్చుని ఉంది. ఆమె పక్కన సుబ్బన్‌తో పాటు క్రేన్ మీద పనిచేసే అంతోని. ఆదివారాలు చర్చిలో లాటిన్ పాటలు పాడతాడు.

"నువ్వేనా నాయినా, నా బిడ్డ చెప్పతా ఉండిన అన్నవి?" అంది కన్నియమ్మ.

పంపింది నేనే అమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"చంపిన మనిషి దొరికిందమ్మా," అన్నాడు. "ఆడమనిషి. సుబ్బన్ చివర్లో ఆస్ట్రా అని రాసి చూపించాడు, అది ఆమే. లాటిన్ మాట. నక్షత్రం అని అర్థం."

అంతోని తలెత్తాడు. "నక్షత్రం కాద్ సార్. నక్షత్రాలు."

"ఏమిటి?"

"ఒకటైతే ఆస్ట్రుం. ఆస్ట్రా అంటే రొంబ, శానా నక్షత్రాలు. చిన్నప్పుడు ఒకటికి ఆస్ట్రా అన్నానని మా ఫాదరు వేళ్ళ మీద స్కేలుతో వాయించినాడు. మరిచిపోతానా సార్?"

కోదండరాం జేబులోంచి ఆ అట్టముక్క తీసి మళ్ళీ చూశాడు.

ఒకటి కాదు. కోకిల ఒక్కతే కాదు. ఆ పేరుతో వచ్చే ఆర్డర్లు ఒకరికి కాదు, ముఠాలో అందరికీ. మరి డిక్షనరీ చూసి 'నక్షత్రం' అని చదివిందెవరు? కృష్ణన్. బ్యాగులో పిస్టల్ 'దొరికింది' ఎవరికి? కృష్ణన్‌కి. సోమవారం సాయంత్రం ఫోన్ తీసి, "ఎవరు చెప్పారు? పేరు స్పెల్లింగ్ చెప్పండి," అని నిదానంగా రాసుకున్నదెవరు?

సుబ్బన్‌ని చావుకి పంపడమే కాదు, హంతకుడికి అడ్రసు కూడా తనే ఇచ్చాడు.

ఇప్పుడా కృష్ణన్ మందుగుండు ఓడ మీద కాపలా ఉన్నాడు. తను సంతకం పెట్టిన పాస్ జేబులో పెట్టుకుని.

టైము మూడు ఇరవై ఐదు.

"అంతోనీ! సైకిలుందా?"

* * *

అంతోని తొక్కుతున్నాడు, కోదండరాం వెనక క్యారియర్ మీద. చేపల తట్టలు, ట్రాము పట్టాలు, రిక్షాలు, తిట్లు, అన్నీ దాటుకుని మూడు నలభై నాలుగుకి కోదండరాం రత్నగిరి ఓడ నిచ్చెన దగ్గర దిగాడు. కృష్ణన్ అప్పుడే ఓడ దిగబోతున్నాడు.

"ఏం సార్ ఇలా వచ్చారు? అంతా క్లియర్. టీ తాగడానికి వెళ్తున్నా."

"టీ తర్వాత," అన్నాడు కోదండరాం. పైకెక్కి అతని భుజం మీద చెయ్యి వేశాడు. క్లిక్. సంకెల ఒక కొస కృష్ణన్ మణికట్టుకి పడింది. క్లిక్. రెండో కొస తన మణికట్టుకే వేసుకున్నాడు. తాళంచెవి తీసి సముద్రంలోకి విసిరాడు.

కృష్ణన్ మొహంలో రంగు పోయింది. "ఏంటి సార్ ఇది?"

"ఏమీ లేదు. ఇక్కడ కూర్చుందాం," అంటూ డెక్కు మీద ఒక పెట్టె చూపించి కూర్చున్నాడు. కృష్ణన్‌కి కూర్చోక తప్పలేదు. "ఓడంతా వెతకడానికి టైము చాలదు. నాలుగింటికి ఏమవుతుందో ఇద్దరం చూద్దాం."

మూడు నలభై తొమ్మిది.

"మీకు పిచ్చెక్కింది!"

"కావచ్చు. ఒకణ్ణి భయంగా ఉందన్నా వినకుండా పంపాను. వాడు పోయాడు. వాడి వెనకాల పోవడానికి నాకు పెద్ద అభ్యంతరం లేదు కృష్ణన్. నీకుందా?"

బెదిరించడానికి మొదలుపెట్టిన మాట అది. నోట్లోంచి వచ్చాకే అది నిజమని కోదండరాంకి తెలిసింది.

మూడు యాభై మూడు. కృష్ణన్ నుదుటి మీది చెమట ముక్కు కొస దాకా వచ్చింది. లేవబోయాడు. సంకెల లాగేసింది.

"వెర్నర్ లండన్‌లో ఇల్లన్నాడు సార్. కొత్త పేరు, కొత్త పాస్‌పోర్ట్ అన్నాడు..."

"సుబ్బన్‌కి ఏమన్నాడు?"

మూడు యాభై ఆరు.

"ఓడ అడుగున రెండో నంబర్ సరుకు గది!" అని అరిచాడు కృష్ణన్. "థర్మాస్ ఫ్లాస్కు! మెట్ల కింద!"

ఒకే సంకెలలో ఇద్దరు మనుషులు నిటారు ఇనప మెట్లు దిగడం ఏ ట్రైనింగులోనూ నేర్పరు. ఒకరి మీద ఒకరు పడుతూ, లేస్తూ దిగారు. మందుగుండు పెట్టెల మధ్య ఎర్ర మూత ఫ్లాస్కు అమాయకంగా నిలబడి ఉంది. కోదండరాం దాన్ని చంకలో ఇరికించుకున్నాడు. ఈసారి కృష్ణనే ముందు పరిగెత్తాడు. కోదండరాంని ఈడ్చుకుంటూ.

మూడు యాభై తొమ్మిది.

డెక్కు అంచు దగ్గర ఊపిరి బిగబట్టి విసిరాడు. ఫ్లాస్కు గాలిలో రెండు పల్టీలు కొట్టి ఓడ పక్కనున్న బ్రేక్‌వాటర్ గోడ అవతల పడింది. మరుక్షణం సముద్రం తాటిచెట్టంత ఎత్తు లేచి ఇద్దరి నెత్తినా కుమ్మరించింది.

హార్బర్ గడియారం నాలుగు కొట్టింది.

* * *

కృష్ణన్ ఇచ్చిన ఆచూకీతో వెర్నర్‌ని ఆ సాయంత్రమే మీనంబాకం ఏరోడ్రోములో పాదిరీ గౌనులో పట్టుకున్నారు. "వీడికి ప్రార్థనలు తప్ప తక్కిన లాటిన్ అంతా వచ్చు," అన్నాడు చీఫ్. కోదండరాంకి మెడల్ కోసం ఢిల్లీకి రాస్తానన్నాడు.

"వద్దు సార్. సుబ్బన్ పేరు రాయండి."

కోకిలని విడిపించడానికి తనే వెళ్ళాడు. ఈసారి మొహం చూశాడు. కళ్ళ కింద నలుపు. రాత్రంతా నిద్ర లేదు.

"తప్పు నాది," అన్నాడు.

"తెలుసు," అంది. "ఇంకోసారి అరెస్టు చేస్తే కాఫీ తాగాక చెయ్యండి. చల్లారిపోయింది." నవ్వలేదు. వెళ్ళిపోయింది.

పదహారో రోజు కర్మ అయ్యాక కన్నియమ్మ మళ్ళీ మార్కెట్లో తట్ట దించిందని అంతోని చెప్పాడు. కోదండరాం వెళ్ళి ఆమె ఎదుట నేల మీద గొంతుక్కూచున్నాడు.

"అమ్మా, వాడు పోనన్నాడు. నేనే పొమ్మన్నాను. ఆ రోజు మీ ఇంటికొచ్చి కూడా చెప్పలేకపోయాను."

కన్నియమ్మ చేతిలో కత్తి ఆగింది. మళ్ళీ చేప పొలుసు గీకసాగింది.

"నాకు తెలుసును. ఆ పొద్దు వాడు చెప్పే పోయినాడు. అన్న పొమ్మన్నాడమ్మా, నేను పోకుంటే ఆయనే పోతాడు, ఆయనకి ఈడ సందులు తెలీవు అని."

కోదండరాం తల వంచుకున్నాడు. కళ్ళలోంచి రాలినవి చేపల నీళ్ళలో కలిసిపోయాయి.

ఆమె పెద్ద వంజరం చేప ఒకటి ఎంచి, కడిగి, తమిళ పేపర్లో చుట్టి అతని ఒళ్ళో పెట్టింది.

"నేను... మేము కోమట్లం అమ్మా. తినం."

"తెలుసు. తెలిసే ఇస్తా ఉండా. నా బిడ్డకి బలే ఇష్టం. వాడి పేరు చెప్పుకోని తిను, పో."

క్షమించిందో, శిక్షించిందో తెలియలేదు. అడిగే ధైర్యమూ లేదు. పొట్లం తీసుకుని లేచాడు.

మూడు దేశాల సరిహద్దులు దొంగ పాస్‌పోర్టుతో దాటిన ఏజెంట్ కోదండరాం ఆ మధ్యాహ్నం గోవిందప్ప నాయకన్ వీధిలో, మడి కట్టుకున్న తల్లి కూర్చున్న తన ఇంటి గడప ముందు, చంకలో వంజరంతో ముప్పావుగంట నిలబడిపోయాడు.