పెట్టెలోని శనగలు

1999 దసరా ముందు, ఒక శనివారం మధ్యాహ్నం. నందిగామ కోర్టు వెనక సందులో ఉన్న డిటెక్టివ్ చూడామణి ఆఫీసుకు జగ్గయ్యపేట వైపు రైతు భవానీప్రసాద్ వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"మా రాగసుధ ఎనిమిదో తరగతండి. రికార్డులో అబద్ధం రాసిందని సోమవారం ప్రార్థనలో అందరి ముందూ చెప్తారట. బెజవాడ సైన్సు పోటీలోంచి పేరు కూడా తీసేస్తారట. పొద్దుట్నించీ ఏడుపేనండి."

రాగసుధ ఒక గిన్నెలో నానిన శనగలు కిటికీలో పెట్టింది. ఇంకో గిన్నెలోవి మూతపెట్టెలో ఉంచి, సైన్సు బీరువాలో పెట్టించింది. చీకట్లోవి కూడా మొలకెత్తడం చూసి, అదే శుక్రవారం పొద్దున రికార్డులో రాసి, సైన్సు మాస్టారు కుటుంబరావుకు ఇచ్చింది. శనివారం అందరి ముందూ పెట్టె తెరిస్తే ఒక్క మొలక కూడా లేదు.

"వెలుతురు లేకపోతే మొలవవేమో మేడమ్. బళ్ళో మేమూ అదే రాశాం," అన్నాడు బస్సులో అసిస్టెంటు హరిచరణ్.

"రాశావు సరే. చూశావా?"

ఆవిడ దగ్గర పనిచేసిన నాలుగేళ్ళలో ఇలాంటి ప్రశ్నలు హరిచరణ్‌కి అలవాటే, అందుకే ఆవిడంటే గౌరవం.

బళ్ళో ఆ సైన్సు బీరువా తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకటి మాస్టారి దగ్గర, రెండోది ఆయా ఆదెమ్మ దగ్గర. చూడామణి కిటికీలోని శనగను గోటితో నొక్కింది. గట్టిగా ఉంది. పెట్టెలోది మెత్తగా నలిగింది. దాన్ని నాలుక చివర పెట్టుకుంటే ఉప్పగా తగిలింది. నూనె జిడ్డు లేదు, పోపు వాసన లేదు. ఆవిడ మాస్టారినీ, ఆదెమ్మనీ, తండ్రీకూతుళ్ళనీ హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి పిలిపించింది.

"ఇవి ఉడికిన శనగలు. ఎండలో పెట్టినా మొలవవు. ఆదెమ్మా, నిన్న సరస్వతీ పూజకి గుగ్గిళ్ళు ఎలా చేశావు?"

"ఉప్పేసి ఉడకేసి వార్చానండి. తర్వాత పోపు పెట్టా."

"వార్చాక, పోపుకి ముందు ఎవరు తీసుకున్నారు?"

"నైవేద్యం కాకుండా ఎవర్ని ముట్టనిస్తానండీ! ఒక్క సైన్సు సారే వచ్చి గుప్పెడు తీశారు. ఎంగిలి చేస్తారేమోనని భయపడ్డా. నోట్లో వేసుకోలేదు, రుమాల్లో మూట కట్టుకున్నారు."

కుటుంబరావు తల దించుకున్నాడు.

"ఇరవై రెండేళ్ళుగా అదే నోట్సు చెప్తున్నానమ్మా. వేలెడంత పిల్ల అది తప్పంటే క్లాసులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

పిల్ల మొహం ఎక్కడ పెట్టుకుంటుందో ఆయనకు తట్టనే లేదు. హరిచరణ్‌కి ఒళ్ళు మండిపోయింది.

హెడ్‌మిస్ట్రెస్ గొంతు సవరించుకుంది. "విషయం ఈ గది దాటకూడదు. సారుకి ఇంకో ఏడాదే సర్వీసు. రాగసుధ పేరు తియ్యను, పోటీకి వెళ్తుంది. పోటీ చార్టు మీద మటుకు నోట్సులో ఉన్నదే రాయాలి. జడ్జీలూ అది చదువుకున్నవాళ్ళే."

చూడామణి ఏదో అనబోయింది. అంతలో భవానీప్రసాద్ కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. ఏటా నాగటి సాలులో విత్తనం వేసి, వెలుతురు తగలకుండా మట్టి కప్పే చెయ్యి అది.

"రాసెయ్యమ్మా. పోటీకి పంపుతామంటున్నారుగా."

రాగసుధ తండ్రి వంక చూసింది. తర్వాత స్కెచ్‌పెన్ను మూత తీసి, చార్టు మీద గుండ్రటి అక్షరాలతో రాసింది: వెలుతురు లేనిదే విత్తనం మొలకెత్తదు.