రెండో బోనులోని సాక్షులు

కాఫీ కప్పు కింద పెట్టకముందే శాస్త్రవేత్త కుప్పకూలిపోయాడు. ఆయన చేతిలోని ఫోన్ ఇంకా కట్ కాలేదు. అవతలి వైపు గూఢచారి విభాగం చీఫ్ వింటూనే ఉన్నాడు.

"ఆ పొడి కణితిని తగ్గిస్తుంది సార్... మనిషినీ కరిగించేస్తుంది. ఎలుకల్ని చూడండి..."

అంతే. ఆ తర్వాత ఊపిరి చప్పుడు కూడా వినబడలేదు.

గంట తిరక్కుండా ఏజెంట్ బొంగరం చీఫ్ గదిలో ఉన్నాడు. ఎంత తిప్పినా తూలడని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది.

"కీటో పొడి. దాదాపు అంతా కొవ్వే," అన్నాడు చీఫ్. "చక్కెర అందక క్యాన్సర్ మాడిపోతుందని ప్రచారం. వెనకున్నది విదేశీ ముఠా. మధ్యాహ్నం ఆరోగ్య శాఖ కమిటీ ఆ శాస్త్రవేత్త ల్యాబ్‌కి వస్తోంది. సరేనందంటే పొడి అన్ని ఆసుపత్రుల్లోకీ పోతుంది."

బొంగరం కుర్చీలోంచి లేచాడు. "మా అక్క అదే తాగుతోంది సార్."

"తెలుసు. నిన్ను పంపాలా వద్దా అని ఆలోచించింది అందుకే."

పొద్దున్నే అతను ఆ పొడి కలిపి, బతిమాలి మరీ అక్క చేత తాగించాడు. గ్లాసు అందుకుంటుంటే ఆమె గాజులు మోచేతిదాకా జారిపోయాయి. స్కాన్‌లో కణితి చిన్నదైందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. అక్క కూడా చిన్నదైపోతోందని ఎవరూ పైకి అనలేదు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట," అన్నాడు చీఫ్. "ల్యాబ్‌లో ఆయన కాఫీలో విషం కలిపారు, కంప్యూటర్లన్నీ తుడిచేశారు. ఇక మిగిలిన సాక్షులు ఎలుకలే. కమిటీ చూసేదాకా అవి బతకాలి."

"పోలీసుల్ని పంపొచ్చుగా?"

"గేటు దగ్గర యూనిఫాం కనబడితే చాలు, వాటిని చంపేస్తారు. లోపల మన మనిషి ఉంది. కోడ్‌నేమ్ నెమలి. 'ఫిల్టర్ ఎప్పుడు మార్చారు?' అని అడుగు. 'వాన పడ్డాక' అంటుంది."

పెట్టుడు మీసం, నూనె మరకల చొక్కా, భుజాన పనిముట్ల సంచీతో బొంగరం ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. సంచీలోని స్క్రూడ్రైవర్ పిడి నొక్కితే ఉక్కును కోసే బ్లేడు బయటికొస్తుంది.

ఎదురుగా ఒకామె వచ్చింది. నీలం కోటు, ఎత్తుమడమల చెప్పులు, ఆమెకంటే ముందే వచ్చి పలకరించే సెంటు. పొడి ప్రకటనలన్నిటిలో నవ్వే ముఖం అదే.

"ఫిల్టర్ ఎప్పుడు మార్చారు?"

"వాన పడ్డాక," అంది నెమలి. "రండి."

జంతువుల గదిలో రెండు బోనులు ఎదురెదురుగా ఉన్నాయి. మొదటిదాంట్లో ఎలుకలు ఒకదాన్నొకటి ఆనుకుని ముడుచుకుపోయి ఉన్నాయి. బొచ్చు కింద వెన్నుపూసలు లెక్కపెట్టేలా ఉన్నాయి. రెండోదాంట్లోవి ఊచలు కొరుకుతూ, ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుతూ తిరుగుతున్నాయి.

"రెండు బోనులకీ అదే పొడి," అంది నెమలి. "కణితులు రెండింట్లోనూ చిన్నవయ్యాయి. కొవ్వు చెడినప్పుడు పుట్టే విషాన్ని కణితి తట్టుకోలేదు. కానీ ఆ గొడవలోనే ఒంటికి కావలసిన స్టెరాయిడ్ హార్మోన్ తయారవడం ఆగిపోతుంది. ఆకలి చస్తుంది. కండ కరిగిపోతుంది."

"మరి ఇవి?" రెండో బోను చూపించాడు బొంగరం.

"వీటికి ఆ లోటు తీర్చే స్టెరాయిడ్ కూడా ఇచ్చారు. పాత మందు, చవక. డాక్టరు దగ్గరుండి చూసుకుంటూ ఇవ్వాలి. అది చెబితే డబ్బా కొనుక్కుని ఇంట్లో తాగేవాళ్లు ఎందరుంటారు?"

ఆమె అడుగు వెనక్కి వేసింది. ఉక్కు తలుపు మూసుకుంది. గోడవారన గొట్టంలోంచి బుస్సుమంటూ గ్యాస్ మొదలైంది. ఎలుకల్ని చంపడానికి వాడే కార్బన్ డయాక్సైడ్!

అద్దం అవతల నెమలి చెయ్యి వాల్వు మీద ఉంది.

"రెండు పక్కలా జీతమా?" అరిచాడు బొంగరం. "శాస్త్రవేత్తకి ఆ కాఫీ ఇచ్చింది నువ్వేనా?"

స్పీకర్లో ఆమె గొంతు వినిపించింది. "నిద్రమందన్నారు. నేను నమ్మాను."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఈసారి ఎలుకల పక్కన మనిషి కూడా ఉన్నాడు. ఆ గ్యాస్ గాలికంటే బరువు, ముందు నేలను నింపుతుంది. అతను బోనులు రెండూ ఎత్తి బీరువా పైన పెట్టాడు. తనూ ఎక్కి, పైకప్పు డక్ట్‌కున్న రేకు కోయసాగాడు. బ్లేడు సగంలో విరిగింది. తల దిమ్మెక్కుతోంది.

మొదటి బోనును అద్దం వైపు తిప్పి పట్టుకున్నాడు.

"మా అక్క చేతులు ఇలాగే అయిపోయాయి. పొద్దున్న నేనే కలిపిచ్చాను. నేనూ నమ్మాను!"

నెమలి తల తిప్పుకుంది. బయట వరండాలో కమిటీ అడుగుల చప్పుడు. బొంగరం బీరువా మీదే కూలబడ్డాడు. కళ్ల ముందు చీకట్లు. బోను చేతుల్లోంచి జారబోతోంది.

బుస్సుమనే చప్పుడు ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. నెమలి లోపలికొచ్చి, జారుతున్న బోనును రెండు చేతులా పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. "నిద్రమందే అన్నారు," అంది మళ్లీ, ఎవరూ అడక్కుండానే. కమిటీ పెద్ద గుమ్మంలో ఆగి ఆమెను, మెకానిక్‌ను, ఎలుకలను మార్చి మార్చి చూశాడు.

"ముందు వీటి సంగతి చూడండి," అన్నాడు బొంగరం దగ్గుతూ.

సాయంత్రానికి ముఠా పట్టుబడింది. పొడి ఆగిపోయింది. నెమలి సంకెళ్లతో వ్యాన్ ఎక్కుతూ వెనక్కి చూడలేదు.

ఆసుపత్రిలో డాక్టరు పొడి మాన్పించి, అక్కకి కొత్త మందు రాసిచ్చాడు. "పొడీ స్టెరాయిడూ కలిసి ఎలుకకి పనిచేసినా, మనిషికి పనిచేస్తాయని ఇప్పుడే చెప్పలేం. ఒంట్లో శక్తి మిగలాలి, అది ముందు," అన్నాడు.

అక్క మంచం పక్కన బొంగరం తల దించుకుని కూర్చున్నాడు. ఆమె ఎముకలు తేలిన చెయ్యి అతని జుట్టు నిమిరింది.

"ఏమిట్రా ఆ ముఖం? ఇంతకీ పొద్దుటినుంచీ ఎక్కడికి పోయావు?"

"ఆఫీసు పనే అక్కా. కొన్ని ఎలుకల్ని కాపాడాల్సొచ్చింది."

అక్క పాలిపోయిన పెదాల మీద నవ్వు కదిలింది.

"దానికి కూడా జీతమిస్తారట్రా? పిల్లులకి తెలిస్తే ఊరుకుంటాయా!"