గరుకు మొహం పైకి

దగ్గరికి జరుగు, బిడ్డా. గొంతు పెంచే ఓపిక లేదు నాకు. మా ముత్తవ్వ ఐలవ్వ కథ చెబుతాను.

ఐలవ్వ, పెనిమిటి కొమురయ్య చెప్పులు కుట్టి బతికేవాళ్లు. కొమురయ్య తాత దాచిన నగల బిందె కోసం ఆరు రోజులు గోదావరి అవతలి అడవిలో నడిచారు. గుహ చేరేసరికి ఇద్దరికీ కాళ్లు లేవడం లేదు. తాత ఇచ్చిన ఆనవాలు పాదమంత తోలుముక్క ఒక్కటే. గుహ గోడకు మూడు బండలు, ఒక్కో బండపై పాదం ఆకారంలో ఒక్కో గుంట. తోలు ఏ గుంటలో అతికితే ఆ బండను తొయ్యాలని తాత మాట.

కొమురయ్య జానతో కొలిచాడు. మొదటి గుంట పొడవూ వెడల్పూ తోలుతో సమానమే. తోలు పెట్టి చూడకుండానే తోశాడు. పైనుంచి రాళ్లు కురిశాయి. వచ్చిన దారి మూసుకుపోయింది, అతని కాలు నలిగింది.

ఐలవ్వ రాళ్లు తీసి, కొంగు చింపి కట్టు కట్టింది. "జాన చూసినవు, వంపు చూడవైతివి."

"అలిసిపోయిన్నే," అన్నాడతను.

దివిటీ సగం కాలింది. ఇంకో తప్పు చేస్తే ఇద్దరికీ అదే సమాధి.

ఆమె తోలును మొదటి గుంటలో జరిపింది, తిప్పింది, బోర్లించింది. ఎట్లా పెట్టినా మడమ దగ్గర బయటికొచ్చింది. రెండో గుంటలో గరుకు వైపు పైకి పెట్టి కొంచెం తిప్పగానే అంచుకు అంచు అతికింది. ఎందుకైనా మంచిదని మూడోదీ చూసింది. ఎంత తిప్పినా కుదరలేదు. బోర్లించి నున్నటి వైపు పైకి తెచ్చేసరికి అదీ అతికింది.

ఐలవ్వ కూలబడింది. "రెండూ దీని అచ్చే. ఒకటి ఎడమ కాలు, ఒకటి కుడి కాలు."

కొమురయ్య నొప్పిలోనే నవ్వాడు. "పెండ్లయిన కొత్తల నువ్వు కోసిన జోడు యాదికొస్తున్నది. అచ్చు తోలు బోర్లియ్యక రెండూ ఎడమ కాలివే కోస్తివి."

"సావుకాడ గూడ అదే మాటనా? అప్పుడు నువ్వేం నేర్పినవు?"

"ఒక్కటి కోసినంక అచ్చును బోర్లియ్యాలె అని. మొదటిదెప్పుడూ గరుకు మొకం పైకి పెట్టి గియ్యాలె అని. మా తాత నేర్పిందే."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. తాత ఈ తోలు పెట్టి అసలు గుంట గీసిన రోజు కూడా గరుకే పైన ఉండి ఉంటుంది; నున్న వైపుది మోసానికి తర్వాత బోర్లించి గీసిందే.

రెండో బండకు ఐలవ్వ భుజం ఆనించింది. బండ కదిలింది. పగటి వెలుతురు మొహాన పడింది. బండ వెనక దారిలోనే రాగి బిందె, నిండా నగలు. తలపైన పగుళ్లు గరగరమంటున్నాయి. ఆమె నడుము మోయగలిగేది ఒక్క బరువే.

"బిందె తీస్కపో. మళ్ల నాకోసం వద్దువు," అన్నాడు కొమురయ్య.

"నోర్మూసుకుని మెడ పట్టుకో."

అతన్ని వీపున వేసుకుని బయటపడింది. వెనక గుహ కూలింది. ఇద్దరి బరువుకూ ఆమె చెప్పు అడుగు చిరిగితే, ఆ తోలుముక్కనే కింద వేసి కుట్టుకుంది. ఊరు చేరేసరికి తాత ఆనవాలు పూర్తిగా అరిగిపోయింది.

బిందె అక్కడే ఉంది, బిడ్డా. కొమురయ్య కుంటుకుంటూ ఇంకా నలభై ఏళ్లు బతికాడు. నాకు నిద్ర ముంచుకొస్తోంది. నువ్వు మాత్రం మరవకు. రెండింటిని ఒకటే అనే ముందు కొలత ఒక్కటే నమ్మవద్దని, జరిపి, తిప్పి, బోర్లించి చూడమని, ఐలవ్వ పేరు చెప్పి మరీ నీ పిల్లలకు చెప్పు.