లోపల గడియ పెట్టుకునే గది

గురువారం పొద్దున ఉమారాణి జొన్నరొట్టె తడుతుండగా ఫోను మోగింది. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని ఎత్తింది. ఎల్లారెడ్డి నుంచి వియ్యపురాలు సుగుణమ్మ.

“వదినా, గాబరా పడకు. అనిలకు బీపీ కొంచెం ఎక్కువున్నదట. కాన్పు అయ్యేదాక పెద్దదవాఖానకు దగ్గర ఉంచుండ్రి అని డాక్టరమ్మ చెప్పింది. వచ్చే నెల తోలుదామనుకున్నం గని, ఎల్లుండి శనివారమే మీ కామారెడ్డికి తోల్కొస్తం.”

ఉమారాణి పొయ్యి మంట తగ్గించింది. ఒక్కగానొక్క బిడ్డ తొలికాన్పుకు తల్లిగారింటికి వస్తోంది... నెల ముందే వస్తోంది... భయపడాలో సంతోషపడాలో తెలియక, “తోల్కరాండ్రి వదినా, బిడ్డను చూసి ఎన్ని దినాలాయె” అంది.

“ఒక్క మాట. తప్పు పట్టుకోకు. పిల్లను ఏ రూంల పండబెడ్తవు? ఆ మందునీళ్ళ రూంలనా? వట్టి మనిషే ఆ వాసనకు ఆగడు. జాగ లేకుంటే మొహమాటం లేకుంట చెప్పు. మా చెల్లె ఇల్లు గూడ కామారెడ్డిలనే ఉన్నది. ఆడ ఉంచుకుంట.”

సుగుణమ్మ మనసులో చెడు లేదు. ఉన్నమాట ముఖమ్మీదే అనే మనిషి. అయినా ఆ మాట ఉమారాణికి సూటిగా తగిలింది. తల్లి ఊళ్ళో ఉండగా కూతురు ఇంకెవరి ఇంట్లోనో కాన్పు కావడమా... “జాగ ఎందుకు లేదు వదినా? నువ్వొచ్చి చూడు” అని ఫోను పెట్టేసిందే గానీ, చూపు మాత్రం వంటింటి పక్కనున్న ఆ మూసిన తలుపు మీదికే పోయింది.

ఆ గది ఆమె మొగుడు దేవరాజ్ డార్క్‌రూం. పాత బస్టాండు దగ్గర అతనికి ఫోటో స్టూడియో ఉంది. రీళ్ళ కాలంలో ఫోటో తీసేది స్టూడియోలో, కడిగేది ఇంట్లో. ఇప్పుడు స్టూడియోలో కంప్యూటరు, ప్రింటరు. అయినా ఇంట్లో గది మాత్రం అలాగే ఉంది... బొమ్మను పెద్దది చేసే ఎన్లార్జరు, మందునీళ్ళు పోసే ట్రేలు, తడి ఫోటోలు ఆరేసే తీగ, క్లిప్పులు, ఫోటో కాగితాన్ని పాడుచేయని ఎర్ర బల్బు. స్నానాలగదికి ఆనుకుని ఉన్నది ఆ గదే. నెలలు నిండుతున్న పిల్లకు అంతకంటే అనువైన చోటు ఆ ఇంట్లో లేదు.

దేవరాజ్ రొట్టె తుంచుతూ అంతా విన్నాడు. “ముందు రూం బిడ్డకిద్దాం. మనం వరండాల పండుకుందాం” అన్నాడు.

“ముందు రూం నుంచి స్నానాలరూంకు పోవాలంటే రెండు గడపలు దాటాలె. బీపీ ఉన్న పిల్ల రాత్రిపూట తూలి పడితేనో? ఆ సామాను అమ్మేద్దామయ్యా.”

అతని చేతిలో రొట్టె ఆగిపోయింది. “అది తప్ప ఇంకేదన్న చెప్పు.”

“ఇంకేం లేదు చెప్పడానికి.”

“అయితే సామాను గూడ అమ్మేది లేదు.”

ఉమారాణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇన్నేండ్లల్ల నిన్ను ఏమన్న అడిగిన్నా? చీరె అడిగిన్నా, సొమ్ము అడిగిన్నా? నా బిడ్డకు ఒక మంచం వేసేంత జాగ అడుగుతున్న... అది గూడ నీకు బరువాయెనా?”

దేవరాజ్ తల వంచుకున్నాడు. చిన్నపిల్లవాడిలా అడిగాడు. “అమ్మేస్తే మనం ఏడ మాట్లాడుకోవాలె ఉమా?”

ఉమారాణి ఇంకో రొట్టె తెచ్చి అతని కంచంలో వేసింది.

పెళ్ళై ఆమె ఆ మూడు గదుల ఇంట్లో అడుగుపెట్టినప్పుడు అక్కడ అత్త ఈరవ్వ, బావలు, తోడికోడళ్ళు, మరుదులు, ఆడబిడ్డలు... కాలు మోపే చోటు లేదు. కొత్త పెళ్ళాంతో నాలుగు మాటలు మాట్లాడాలంటే నలుగురు తొంగిచూసేవాళ్ళు. అప్పుడు దేవరాజ్ ఒక ఉపాయం ఆలోచించాడు. “ఉమకు ఫోటోలు కడుగుడు నేర్పిస్త అవ్వా, నాకు ఆసరా అయితది” అని తల్లికి చెప్పాడు. ఇద్దరూ ఆ డార్క్‌రూంలోకి పోయి లోపల గడియ పెట్టుకునేవారు. తలుపు తడితే, “తెరవొద్దు, వెలుతురు పడితే ఫోటోలు ఖరాబైతయి” అనేవాడు. నోరున్న మనిషి ఈరవ్వ కూడా ఆ మాటకు జడిసి తలుపు బయటే నిలబడేది! ఆ ఎర్రటి మసక వెలుతురులో ఉమారాణి నిజంగానే పని నేర్చుకుంది. స్టూడియోలో అతను ఫోటోలు తీస్తుంటే, ఇంట్లో వాటిని కడిగేది ఆమే. కడుపులో అనిల పడిందని మొగుడికి చెప్పింది అక్కడే. తండ్రి చనిపోయిన కబురు విని, అందరి ముందూ బిగబట్టుకున్న ఏడుపు ఏడ్చిందీ అక్కడే. తరవాత ఒక్కొక్కరూ వేరే ఇళ్ళు కట్టుకుని పోయారు. ఇల్లంతా ఖాళీ అయింది. అయినా ఆ ఇద్దరికీ అలవాటు పోలేదు. మనసులో ఏదైనా ఉంటే ఒకరు ఆ గదిలోకి పోయేవారు. కాసేపటికి రెండోవారు వెనకాలే వెళ్ళేవారు.

అవన్నీ ఉమారాణికి తెలియవా? తెలుసు... తెలిసే అడిగింది. కళ్ళు తుడుచుకుని అల్లుడు జోయల్‌కు ఫోను చేసింది. “నాయనా, ఆ సామాను ఫోటోలు పంపుత. నీకు తెలిసినోళ్ళ గ్రూపులల్ల పెట్టు. శనివారంలోపల పోవాలె.”

దేవరాజ్ సైకిలెక్కి స్టూడియోకు వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఫోన్లే ఫోన్లు. ఒకాయనకు ఎన్లార్జరు లెన్సు మాత్రమే కావాలట. ఇంకొకాయన హోటల్లో అలంకారానికి పెడతాడట, పనిచేయకపోయినా పరవాలేదట. మధ్యాహ్నం పాత ఇనుము కొనే మల్లన్న బండితో సహా వచ్చాడు. ఎన్లార్జరును అటూ ఇటూ ఊపి, “కిలోల లెక్కన తీసుకుంట వదినా. గీ ట్రేలల్ల మా బర్లకు కుడితి పెట్టొచ్చు” అన్నాడు.

దేవరాజ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముఖం ముడుచుకునే ఉంది. “ఇచ్చెయ్. నీకు జాగ గావాలె గద” అన్నాడు.

ఉమారాణి ఎన్లార్జరు ముందుకు వచ్చి చేతులు అడ్డంపెట్టింది. “నేనియ్య. కుడితి పెట్టడానికి ఇయ్య. పో మల్లన్నా, ఇంకో ఇల్లు చూస్కో.”

మల్లన్న నవ్వుకుంటూ బండి తిప్పుకున్నాడు. మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది దేవరాజే.

“అమ్ముమని ఏడ్చింది నువ్వేనాయె...”

“అమ్ముత. గని దీని విలువ తెలిసినోళ్ళకు అమ్ముత” అంది ఆమె రోషంగా, తానూ నవ్వు ఆపుకోలేక.

పొద్దుగూకే వేళకు దోమకొండ నుంచి మోయిజ్ అనే అబ్బాయి ఫోను చేశాడు. పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడట. పాత రీలు కెమెరా ఒకటి సంపాదించాడట. “ఆంటీ, మొత్తం సామాను కావాలె. గని పనిచేస్తదో లేదో ఒక్క ఫోటో కడిగి చూపియ్యాలె.”

శనివారం పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. మోయిజ్ వెంట భార్య సమీరా కూడా దిగింది. కొత్తగా పెళ్ళైన జంట. చేతుల గోరింట ఇంకా ఎర్రగానే ఉంది. అంతలోనే జోయల్ ఫోను... “అత్తమ్మా, పది గంటలకు ఎల్లారెడ్డిల బయలెల్లుతం. మెల్లగ వస్తం.” ఉమారాణి గబగబా మందునీళ్ళు కలిపింది. గది చిన్నది, నలుగురు పట్టరు. “మీరు బయట ఉండుండ్రి. ఆమెకు నేను చూపిస్త” అని సమీరాను లోపలికి తీసుకుపోయి గడియ పెట్టింది.

మోయిజ్ తెచ్చిన నెగెటివ్‌ను ఎన్లార్జరులో పెట్టి, కాగితం మీద వెలుతురు వేసి, ఆ కాగితాన్ని మందునీళ్ళలో జారవిడిచింది. “ట్రే మెల్లగ ఊపాలె బిడ్డా, ఊయెల ఊపినట్టు.” తెల్లకాగితం మీద ముందు రెండు కళ్ళు తేలాయి... తరవాత ముక్కు, కొంగు, వెనక కోటగోడ. పేపరు పాతది కావడంతో బొమ్మ కాస్త బూడిదరంగుకు తిరిగింది. అయినా తన ముఖం తన చేతుల్లో అలా పుట్టుకొస్తుంటే సమీరా ఊపిరి బిగబట్టి చూసింది.

“మోయిజ్ ఇది ఎప్పుడు తీసిండో నాకే తెల్వదు ఆంటీ” అంది మెల్లగా. “మాది పెద్ద ఇల్లు. అత్తమ్మ, ఆడబిడ్డలు, బావల పిల్లలు... ఆయనతోని మాట్లాడుడే కష్టం.”

ఉమారాణి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. వంగి ఆమె చెవిలో ఏదో చెప్పింది. బయట నిలబడ్డ ఇద్దరు మగవాళ్ళకు లోపల ఇద్దరాడవాళ్ళు పగలబడి నవ్విన నవ్వు వినబడింది.

“ఏమాయె?” అని మోయిజ్ తలుపు తట్టాడు.

“తెరవొద్దు, వెలుతురు పడితే ఫోటో ఖరాబైతది” అంది లోపలి నుంచి సమీరా.

దేవరాజ్ ముఖం సిగ్గుతో కందిపోయింది. ఏమీ ఎరగనట్టు మీసం సవరించుకున్నాడు.

సామానంతా ఆటోలో ఎక్కించారు. మోయిజ్ ఇవ్వగలిగినంత ఇచ్చాడు. ఉమారాణి బేరమాడలేదు. ఆటో కదలబోతుండగా దేవరాజ్ “ఆగు” అన్నాడు. అంగీ జేబులోంచి ఎర్ర బల్బు తీసి, సిగ్గుపడుతూ సమీరా చేతిలో పెట్టాడు. “ఇది దాచుకుందామనుకున్న. గని ఇది లేకుంటే మీకెట్ల నడుస్తది?”

ఆటో వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరూ వాకిట్లోనే నిలబడ్డారు. ఉమారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి, “నడువు, బిడ్డ వచ్చే యాళ్ళయింది” అన్నాడు.

గదిని సబ్బునీళ్ళతో కడిగారు. నల్లరేకు కొట్టి మూసేసిన కిటికీకి మేకులు పీకడానికి దేవరాజ్ చేతులు బొబ్బలెక్కాయి. రేకు ఊడి కింద పడగానే ఎండ లోపలికి దూకింది. ఆ గోడలకు లేతపచ్చ రంగు ఉందన్న సంగతి ఉమారాణికి ఆ రోజే తెలిసింది. మంచం వేసి, ఉతికిన దుప్పటి పరిచి, సామ్రాణి పొగ వేసింది.

కారు వచ్చింది. అనిల నడుము పట్టుకుని మెల్లగా దిగింది. వెనకే సుగుణమ్మ. నేరుగా గదిలోకి పోయి, ముక్కుతో నాలుగు దిక్కులూ పరీక్షించి, కిటికీ దగ్గర నిలబడి, “గాలి మంచిగొస్తున్నది వదినా” అంది. ఆ మాట ఆమె నోట రావడమే గొప్ప.

అనిల మాత్రం గడప దగ్గరే ఆగిపోయింది. ఖాళీ గోడలు చూస్తూ ఉండగానే కళ్ళు నిండాయి. “బాపూ... నా కోసం అమ్మేసినవా? నీ పానం ఎట్ల ఒప్పింది?”

“నా పానం ఒప్పలేదు బిడ్డా” అన్నాడు దేవరాజ్. “ఒప్పించింది మీ అమ్మ. ఆ రూం నాకంటె ఎక్కువ ఆమెది. కామారెడ్డిల అందరు నన్ను మెచ్చుకునిరి గని, ఆ ఫోటోలన్ని కడిగిన చేతులు మీ అమ్మయి. ఈ మాట నేను నలుగురి ముందట ఎన్నడు చెప్పలే. ఇయ్యాల చెప్తున్న.”

జోయల్ అత్త వైపు కొత్తగా చూశాడు. అనిల తల్లి మెడ చుట్టూ చేతులు వేసి భుజం మీద తల పెట్టుకుంది. “ఏడ్వకు, బీపీ పెరుగుతది” అంటూ ఉమారాణే ఏడ్చింది.

భోజనాలయ్యాయి. జోయల్ ఎల్లారెడ్డికి తిరిగిపోయాడు. సుగుణమ్మ మాత్రం, “ఇంత గాలొచ్చే రూం ఇడిసిపెట్టి యాడికి పోత?” అని కోడలి మంచం పక్కనే చాప వేసుకుంది. ఇల్లు సద్దుమణిగింది. ఉమారాణి వరండాలో కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. దేవరాజ్ వచ్చి పక్కన కూచున్నాడు. కాసేపు కాయలు అటూ ఇటూ కదిపాడు.

“ఉమా, ఒక మాట చెప్పాలె.”

“చెప్పు.”

“ఈడనా?”

“ఇంకేడ?”

అతను గొంతు సవరించుకున్నాడు. “పొద్దున ఆ పిల్లకు పని చెప్తుంటే తలుపు సందుల నుంచి విన్న. ట్రే ఊయెల ఊపినట్టు ఊపాలె అన్నవు... పెండ్లయిన కొత్తల నేను నీకు చెప్పిన మాట అది. నీ గొంతు అప్పటి లెక్కనే ఉన్నది. ఇంక జర మంచిగున్నది.”

గదిలోంచి సుగుణమ్మ గొంతు వచ్చింది. “అన్నా, కిటికీ తెరిచే ఉన్నది. మాకు అన్ని వినబడుతున్నయి.”

అనిల పకపకా నవ్వింది. దేవరాజ్ ఉలిక్కిపడి లేవబోయాడు. ఉమారాణి ముఖం ఎర్రబడింది, కానీ అతని చెయ్యి పట్టి కూచోబెట్టింది.

“విననీ” అంది. “నువ్వు చెప్పు.”