పక్కకు జరిగిన అడుగు

మెట్లెక్కి వచ్చిన పెద్దావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. తలుపు రెక్క పట్టుకునే నిలబడి, గదిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని ఒకసారి కలయజూసింది. తర్వాత సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం తీసి డిటెక్టివ్ ముందు పెట్టింది.

"మా కోడల్ని జైల్లో పెడతారా బాబూ?" అంది.

డిటెక్టివ్ ఉత్తరం మడతలు విప్పి చదవసాగాడు. ఆయన బక్కపలచని మనిషి, గొంతు పెంచి మాట్లాడడం ఎవరూ వినలేదు. వైకల్య భృతికి దరఖాస్తు పెట్టుకుని కాదనిపించుకున్నవాళ్లు అప్పీలు చేసుకుంటే, వాళ్ల తరఫున నిజానిజాలు వెతికిపెట్టడం ఆయన వృత్తి. ఆయన సహాయకుడు ఒకప్పుడు బస్సు కండక్టరు. మోకాళ్లు అరిగి ఆ ఉద్యోగం పోయినా పేరు మాత్రం పోలేదు, అందరికీ ఇప్పటికీ కండక్టరే. తన భృతి అప్పీలు గెలిపించిన ఈ మనిషి కంట పడనిది లోకంలో ఏదీ ఉండదని అతని గట్టి నమ్మకం.

కండక్టరు మంచినీళ్లు ఇచ్చాక పెద్దావిడ కాస్త కుదుటపడి విషయం చెప్పుకొచ్చింది. కోడలు బట్టల మీద బొమ్మలు అచ్చువేసే కర్మాగారంలో, అచ్చు చట్రాలు కడిగే విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసింది. రంగు వదిలించే మందు ఘాటుకు ముందు రంగులు వెలిసిపోయినట్టు కనిపించాయి, తర్వాత మనుషులు మసకబారారు, చివరికి చూపు పూర్తిగా పోయింది. కొడుకు లారీ మీద దూరాలు తిరుగుతాడు. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లిద్దరే. భృతి మంజూరవుతుందనుకుంటున్న సమయంలో ఎవరో పేరు చెప్పకుండా ఆఫీసుకు ఒక వీడియో పంపారు. అది చూసి, కళ్లు కనిపిస్తూనే గుడ్డిదానిలా నటించి మోసం చేయబోయిందని దరఖాస్తు కొట్టేశారు. కేసు కూడా పెడతామని రాశారు.

"పొయ్యి దగ్గర చెయ్యి కాలితే నాకు తెలియకుండా దాచుకునే పిల్ల. నటన దానికి చేతకాదయ్యా," అని పెద్దావిడ కళ్లు తుడుచుకుంది.

ఆఫీసువాళ్లు పంపిన ఆ వీడియో ఆవిడ ఫోనులోనే ఉంది. పైనుంచి తీసినది. ఖాళీగా ఉన్న సందులో ఒక స్త్రీ చేతిలో సంచితో, కర్ర లేకుండా, మామూలుగా నడిచి వస్తోంది. మలుపు దగ్గర రెండడుగులు పక్కకు జరిగి, మళ్లీ తిన్నగా నడిచింది. గుమ్మం మెట్లెక్కి, తల పైకెత్తి నవ్వి, చెయ్యి ఊపింది. తాళం తీసుకుని లోపలికి వెళ్లింది. శబ్దం లేదు.

పెద్దావిడ వెళ్లిపోయాక కండక్టరు నిట్టూర్చాడు. "సార్, కోప్పడకండి. ఆ పక్కకు తప్పుకోవడం చూశారా? కళ్లున్న మనిషి నడకే అది. పైగా మేడ మీద ఎవరినో చూసి చెయ్యి కూడా ఊపింది."

"తప్పుకుంది, నిజమే," అన్నాడు డిటెక్టివ్. వీడియో మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం దాటాక ఇద్దరూ ఆ సందుకు వెళ్లారు. మలుపు తిరుగుతూనే కండక్టరు మోకాలు దేనికో కొట్టుకుని అబ్బా అని కూలబడబోయాడు. సైకిలు మెకానిక్కు పనిబల్ల అది, సందులోకి సగం దాకా చొచ్చుకొచ్చి ఉంది. చాలా ఏళ్లుగా అది అక్కడే ఉందని, ఊరందరి మోకాళ్లూ దానికి తెలుసని మెకానిక్కు నవ్వాడు. డిటెక్టివ్ మాత్రం వంగి ఆ బల్ల కాళ్లను చూశాడు. మూడు నూనె మరకలతో నల్లబడి ఉన్నాయి, నాలుగోది కొత్త చెక్క. ఎప్పుడు వేయించావని అడిగి, మెకానిక్కుతో కాసేపు వడ్రంగుల గురించి మాట్లాడాడు. వచ్చిన పని వదిలేసి ఈ ముచ్చట్లేమిటో కండక్టరుకు అర్థం కాలేదు.

కోడలు తలుపు తీసింది. కళ్లు చూడడానికి చక్కగా, తేటగా ఉన్నాయి. లోపలి నరం దెబ్బతింది గాని కంటికి ఏమీ కాలేదని, అందుకే ఎవరూ నమ్మరని ఆమే చెప్పింది. కూజాలోంచి నీళ్లు వంచుతూ చూపుడువేలు గ్లాసు అంచు మీదుగా లోపలికి వంచి పట్టుకుంది. నీళ్లు వేలికి తగలగానే ఆపింది. ఇంటి నుంచి సందు చివరి దుకాణం దాకా అడుగడుగూ తనకు కంఠస్థమని, అంతకు మించి ఒంటరిగా వెళ్లలేనని చెప్పింది.

"వీడియోలో పైకి చూసి నవ్వారమ్మా. ఎవరైనా పిలిచారా?" అని అడిగాడు డిటెక్టివ్.

అప్పటిదాకా తడుముకోకుండా మాట్లాడిన మనిషి ఒక్క క్షణం ఆగింది. "గుర్తు లేదండీ," అంది.

మేడ మీద ఆమె స్నేహితురాలు ఉంటుంది. గలగలా మాట్లాడుతుందని కర్మాగారంలో అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. ఇద్దరూ ఒకే తొట్టి దగ్గర చట్రాలు కడిగినవాళ్లు. పిచ్చుక ఇంకా అక్కడే పొద్దుటి షిఫ్టులో పనిచేస్తోంది. భర్త లేడు, బడికి వెళ్లే చిన్న కూతురు ఉంది. వీళ్లు వెళ్లేసరికి ఆ పిల్ల కిటికీ దగ్గర కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది. వీడియో ఎవరు తీశారో తనకు తెలియదని, మిద్దె మీదికి మెట్లు బయటినుంచే ఉన్నాయి కాబట్టి ఎవరైనా ఎక్కి ఉండొచ్చని పిచ్చుక చెప్పింది. అక్కకు అన్యాయం జరిగిందంటూ ఏడ్చింది. అతిథులని నీళ్లు పోసి ఇచ్చింది.

బయటికి వచ్చాక కండక్టరు గొణిగాడు. "కింద ఆవిడంటే కళ్లు లేవు. ఈవిడ కూడా గ్లాసులో వేలు ముంచి ఇచ్చింది సార్. మర్యాద తెలియని మనిషి."

డిటెక్టివ్ మిద్దె మీదికి ఎక్కి పిట్టగోడ మీదుగా కిందికి వంగి చూశాడు. పిచ్చుక కిటికీకి ఎండ తగలకుండా ముందుకు వేసిన రేకు అడ్డం వచ్చింది. సందు కనిపించింది గాని గుమ్మం మెట్లు కనిపించలేదు.

ఆ సాయంత్రం కర్మాగారంలో ఫోర్‌మన్‌ను కలిశారు. అతను మర్యాదగా కూర్చోబెట్టాడు. వీడియో సంగతి విన్నాడట గాని చూడలేదట. ఆమె మంచి పనిమంతురాలని మెచ్చుకుని, చూపు పోవడానికీ తమ పనికీ సంబంధం లేదన్నాడు. లేచేటప్పుడు మాత్రం కాస్త విసుక్కున్నాడు. "ఆ మూగ వీడియోను పట్టుకుని ఎవరు తీశారో మీరు తేల్చలేరు సార్. అప్పీలు మానుకోమని చెప్పండి, కేసైనా తప్పుతుంది."

తిరుగుదారిలో డిటెక్టివ్ తల వంచుకుని నెమ్మదిగా నడిచాడు. ఆయన ఆలోచిస్తున్నాడని కాదు, బాధపడుతున్నాడని కండక్టరుకు తోచింది.

ఆదివారం పొద్దున పెద్దావిడ ఇంటి ముందుగదిలో అందరూ చేరారు. భృతి ఆఫీసు నుంచి అప్పీలు అధికారిణి వచ్చింది. ఫోర్‌మన్ వచ్చాడు. సైకిలు మెకానిక్కు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పిచ్చుక కోడలి పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. డిటెక్టివ్ వీడియో పెట్టి, ఆమె మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆపాడు.

"ఇక్కడ ఈమె పక్కకు జరిగింది. ఇదే మీకు పెద్ద రుజువైంది," అని అధికారిణితో అన్నాడు. "దేన్ని తప్పుకుందో చెప్పగలరా?"

అధికారిణి ఫోను దగ్గరికి తీసుకుని చూసింది. సందు శుభ్రంగా ఖాళీగా ఉంది.

డిటెక్టివ్ మెకానిక్కును అడిగాడు. బల్ల కాలు విరిగితే ఆ ఒక్కరోజే దాన్ని వడ్రంగి దగ్గరికి మోసుకెళ్లానని, సాయంత్రానికల్లా మళ్లీ తెచ్చి అక్కడే వేశానని మెకానిక్కు చెప్పాడు. చెబుతూ చెబుతూ అతనికే అర్థమై, ఫోనులోని ఖాళీ సందు వైపు తిరిగి చూశాడు.

"ఏళ్లుగా అక్కడ బల్ల ఉంది," అన్నాడు డిటెక్టివ్. "ఆ రోజు లేదు. లేదని కళ్లున్న వాళ్లందరికీ తెలుసు, తిన్నగా నడిచి ఉంటారు. లేని బల్లను తప్పుకుని నడిచింది ఈమె ఒక్కతే. ఈమెకు చూపు లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నేను తేలేనమ్మా."

పెద్దావిడ కోడలి భుజం మీద తల ఆనించి ఏడ్చింది. అధికారిణి, మరి పైకి చూసి నవ్విన సంగతేమిటని నెమ్మదిగా అడిగింది.

ఎవరో పిలిచారు, అందుకే నవ్విందని డిటెక్టివ్ చెప్పాడు. ఆ పిలుపు వినపడకూడదనే వీడియోలో శబ్దం తీసేశారు. వీడియో చూడలేదన్న ఫోర్‌మన్‌కు అది మూగదని ఎలా తెలిసిందని అడిగాడు. ఫోర్‌మన్ ముఖం పాలిపోయింది. "పంపింది మీరు. తీసింది మీరు కాదు. మీ గొంతు వింటే ఈమె నవ్వదు. మిద్దె మీదినుంచి గుమ్మం కనిపించదు. గుమ్మం మెట్లు కనిపించేది ఒక్క మేడ కిటికీలోంచే."

పిచ్చుక కోడలి చెయ్యి వదిలేసింది.

"అమ్మా, నీళ్లు పోసేటప్పుడు గ్లాసులో వేలు ఎందుకు పెడుతున్నారు?" అని డిటెక్టివ్ అడిగాడు. ఆ ప్రశ్నలో నింద లేదు. కండక్టరు తల దించుకున్నాడు.

పిచ్చుక నోరు విప్పింది. "మధ్యాహ్నం దాటితే నాకు అంచులు కనపడవు. ఎరుపు నల్లగా కనిపిస్తోంది. అక్కకూ అలాగే మొదలైంది." అక్క భృతి మంజూరైతే ఆ విభాగంలో అందరికీ కంటి పరీక్షలు పెడతారని, తప్పినవాళ్లను ఆ రోజే ఇంటికి పంపేస్తారని ఫోర్‌మన్ చెప్పాడట. వీడియో ఒకటి తీసిస్తే తన ఉద్యోగానికి ఢోకా లేదన్నాడట. "పిల్లకు నేను తప్ప ఎవరున్నారు? అక్కా అని పిలిచాను. పైకి చూసి నవ్వింది. అప్పుడైనా ఆపేసి ఉండాల్సింది."

పెద్దావిడ లేచింది. ఈ ఇంటి అన్నం తిని ఈ పని చేస్తావా అంటూ చెయ్యెత్తింది. కోడలు గాలిలో తడుముకుని ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు అత్తయ్యా. నాకు తెలుసు."

"ఏం తెలుసే నీకు?"

"ఉత్తరం వచ్చిన రోజే తెలుసు. ఆ పూట నన్ను పిలిచింది ఇదొక్కతే." ఆమె గొంతు స్థిరంగానే ఉంది. "పోయినేడాది ఒకరోజు నన్ను అడిగింది, అక్కా నీకు ముందు ఏ రంగు పోయిందీ అని. ఊరికే ఎవరూ అలా అడగరు. దీని పేరు చెబితే దీని ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే నా భృతి పోతుంది. నాకు మీరున్నారు. దీనికి ఎవరూ లేరు."

పిచ్చుక ఆమె కాళ్ల దగ్గర కూలబడిపోయింది. పెద్దావిడ ఎత్తిన చెయ్యి ఎప్పుడు దించిందో ఆవిడకే తెలియదు. కండక్టరు కళ్లు తుడుచుకోవడానికి గుమ్మం బయటికి వెళ్లిపోయాడు.

అప్పీలు నెగ్గింది. కేసు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అధికారిణి నివేదిక మీద తనిఖీ జరిగి చట్రాలు కడిగే విభాగం మూతపడింది, ఫోర్‌మన్ మీద విచారణ మొదలైంది. ఆ విభాగంలో ఇంకా కొందరికి చూపు దెబ్బతిందని అప్పుడు బయటపడింది. పిచ్చుక దరఖాస్తు డిటెక్టివే దగ్గరుండి పెట్టించాడు. భృతి వస్తుంది గాని, ఆమె చూపు మాత్రం నిలవదని వైద్యులు చెప్పేశారు.

పెద్దావిడ పిచ్చుకతో చాలాకాలం మాట్లాడలేదు. అయితే రెండు పూటలా మేడ మీదికి గిన్నె మాత్రం పంపేది. ఎందుకని అడిగితే, పిల్ల కోసం అనేది.

వర్షాలు మొదలయ్యాక ఒక ఉదయం, సంతకం ఒకటి కావలసి వచ్చి డిటెక్టివ్, కండక్టరు మేడ ఎక్కారు. తలుపు తీసే ఉంది. పిచ్చుక కిటికీ వెలుగులో కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉంది. పక్కనే పెద్దావిడ కోడలు.

"తొందరపడకు," అంటోంది ఆమె. "మా ఆయన దారి మీద ఉన్నాడు, వచ్చాక చూద్దాంలే అనుకున్నాను. వచ్చేసరికి ముఖం మసకైపోయింది. ఇప్పుడు ఆయన గడ్డం దగ్గర మచ్చ ఎడమవైపో కుడివైపో గుర్తు లేదు. నువ్వు బాగా చూసుకో. పొద్దున వెలుగు బాగుంటుంది, రోజూ చూసుకో."

పిచ్చుక చూస్తోంది. పిల్లకు నవ్వొచ్చి ముఖం తిప్పుకోబోతే గడ్డం పట్టుకుని మళ్లీ వెలుగులోకి తిప్పుకుంది.

కండక్టరు గుమ్మంలో అడుగు పెట్టబోయాడు. డిటెక్టివ్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపాడు. సంతకం రేపైనా పెట్టించుకోవచ్చని, ఇద్దరూ చప్పుడు చేయకుండా మెట్లు దిగారు.