నాయనకు మొదటి గ్లాసు

ఆ పొద్దు జంపక్క ఇంట్లో అందరికంటే ముందు లేచింది, పట్నం హోటల్ బారులో మందు కలిపే కొడుకు పవన్. ఏడాది కింద కన్నుమూసిన తండ్రి బొజ్జయ్యకు పెట్టుకునే రోజది. దుమ్ముగూడెంలో ఐసు, హైదరాబాద్‌లో బ్రాందీ కొని తెచ్చుకుని, వసారాలో ఆడపెళ్లివారిలా ఒకటే హడావుడి!

"హోటల్ల నువ్వేం కలుపుతవో నాకొక్కపాలి తాగించురా" అని బొజ్జయ్య ఎన్నిసార్లు అడిగాడో. వచ్చే పండక్కి, వచ్చే పండక్కి అంటూ దాటేశాడు పవన్. పండగలు వచ్చాయి గానీ నాయన ఆగలేదు. ఇవాళైనా ఆ కోరిక తీర్చకపోతే తనకు మనశ్శాంతి లేదు.

గ్లాసు అంచుకు నిమ్మచెక్క రుద్ది పంచదారలో బోర్లించాడు. కమలాపండ్ల రసం, కాస్త నిమ్మరసం, చక్కెర పాకం, బ్రాందీ, ఐసు అన్నీ స్టీలు షేకర్‌లో పోసి, మూత బిగించి గలగలా ఊపాడు. ఇల్లంతా కమలా తొక్కల వాసన.

"శర్బత్ లెక్కనే ఉన్నది గదరా తమ్మీ!" అక్క సుజాత నవ్వింది.

పవన్ మురిసిపోతూ మణికట్టు మీద ఒక్క చుక్క వేసుకుని నాకి చూశాడు.

అంతే. సుజాత చేతిలోని పళ్లెం జారిపడింది. జంపక్క గడపలోనే కొయ్యబారిపోయింది. పెద్దల పేరు చెప్పి నేల మీద పోసేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఏదీ నోట పెట్టరు.

"ఏందిరా నువ్వు చేసింది? నాయనకంటె ముందుగాల నువ్వు తాగినవా?"

"తాగలేదమ్మా, రుచి చూసిన..."

"ఎంగిలి పోస్తవా మీ నాయనకు? పట్నం కొలువు గిదేనా నేర్పింది? పారబొయ్ అవతల! నువ్వు పొయ్యొద్దు. సుజాత ఇప్పసార పోస్తది."

పవన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కడ ఎవలకిచ్చినా గట్లనే చూసి ఇస్తనమ్మా. పులుపెక్కినా, పాడైనా ముందు నాకే తెల్వాలె. చూడకుండ నాయనకెట్ల పొయ్యాలె?" అంటూ పసివాడిలా ఏడ్చేశాడు.

ఇంకేదో తిట్టబోయిన జంపక్క ఉన్నట్టుండి ఆగిపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. సుజాతకు భయమేసి భుజం పట్టి కుదిపింది. "అమ్మా, ఏమైందే?"

"అడవి గడ్డలు ఉడకబెట్టిన్నాడల్లా..." జంపక్క కొడుకు వైపు తిరిగింది. "మొదటి ముక్క మీ నాయననే తినేటోడు. మీరు ఆకలని ఏడ్చినా ముట్టనిచ్చేటోడు కాదు. 'ఏ గడ్డ ఎట్లుంటదో, నాకేం కాకుంటె పిల్లలకు పెట్టు' అనేటోడు."

పవన్ నిర్ఘాంతపోయాడు. ఆకలితో ఎగబడే తనను పక్కకు నెట్టి నాయన తినడం అతనికి బాగా గుర్తుంది. ఎన్ని రాత్రులు ఆ కోపంతో అటు తిరిగి పడుకున్నాడో!

"నాయన తన ఆకలి చూసుకుంటుండనుకున్ననే అమ్మా..."

జంపక్క కొడుకు తలను గుండెకు అదుముకుంది. తల్లీకొడుకులిద్దరూ చాలాసేపు ఏడ్చారు. తరవాత ఆమె పంచదార అంటిన గ్లాసు తీసి అతని చేతిలో పెట్టింది.

"పొయ్ కొడుకా. నువ్వు చూసినంకనే నాయన తాగుతడు."