రొట్టె లేని దస్తర్‌ఖాన్

ఆవును వీధి మందలోకి తోలి వచ్చి, చేతులు కడుక్కుని, జూరకాన్ కిటికీ పక్కన కూర్చుంది. ఎదురుగా చిక్కుడు గింజల గిన్నె. వాళ్ళమ్మ జోస్యం చెప్పడానికి వాడిన నలభై ఒక్క గింజలవి. ఇప్పుడు జూరకాన్ వాటితో తన మొగుడు ఉస్మానలీ ఒక రోజులో తినదగ్గ పిండిపదార్థం లెక్కపెడుతోంది, గ్రాముకు ఒక గింజ చొప్పున. క్యాబేజీకి ఆరు గింజలు తీసింది. అందులో పీచు చక్కెరగా మారదు కాబట్టి రెండు మళ్ళీ గిన్నెలో వేసింది.

"జోస్యం అయిందా? ఈ పూట నాకు తిండి రాసిపెట్టి ఉందా?" అన్నాడు ఉస్మానలీ, చేతికర్ర గోడకు ఆనిస్తూ.

"ఉంది. గుడ్డు, క్యాబేజీ, ముల్లంగి."

"గొర్రెకీ ఇదేగా పెడతావు! దానికి గుడ్డు ఉండదు, అంతేగా తేడా."

ఆమె నవ్వలేదు. ఆయన కాలి పుండు చూసి, రక్తంలో చక్కెర దిగకపోతే వేళ్ళు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమెకు నవ్వు రావడం లేదు. ఆ రోజే రొట్టెల పొయ్యి ఆర్పేసింది. ఆయన ఒప్పుకున్నాడు గానీ, ఒక షరతు పెట్టాడు. జబ్బు సంగతి వీధిలో ఎవరికీ తెలియకూడదు. పెళ్ళికైనా, పుట్టుకకైనా అందరికీ దీవెన చెప్పే పెద్దమనిషాయన. రోగిష్టివాడి దీవెన ఎవరికి కావాలన్నాడు.

మా కోచ్‌కోర్ ఊళ్ళో, ఇంట్లో ఏది లేకపోయినా జరుగుతుంది గానీ, రొట్టె లేకపోతే జరగదు. గుమ్మం దాకా వచ్చిన మనిషికి ఒక్క తునకైనా నోటికి అందించి పంపాలి. ఆ తునక లేని ఇల్లాలు ఎవరిని లోపలికి పిలుస్తుంది? జూరకాన్ గేటుకు గడియ పెట్టుకుంది. రోజూ టీకి వచ్చే పక్కింటి బురుల్చా రెండుసార్లు తలుపు తట్టి, మళ్ళీ రాలేదు. ముసలితనంలో ఈవిడకు పిసినారితనం పట్టుకుందని వీధంతా అనుకుంది. బిష్కెక్ నుంచి కూతురు ఫోన్ చేసేది. అదీ తండ్రి చక్కెర ఎంతుందని అడగడానికే.

ఇంత చేసినా చక్కెర దిగలేదు. ఆ ఉదయం కూడా చక్కెర కొలిచే మీటరులో అంకె తగ్గలేదు. ఎక్కడో లెక్క తప్పుతున్నానని తనను తానే తిట్టుకుంది.

టిఫిను కాగానే ఆయన అలా తిరిగొస్తానని వెళ్ళాడు. గాలి చల్లగా ఉంది, టోపీ మరిచిపోయాడు. అది పట్టుకుని ఆమె వెనకే బయలుదేరింది. బురుల్చా గుమ్మంలో ఉన్నాడు ఆయన. చేతిలో మీగడ రాసిన వేడి రొట్టె, బుగ్గలు నిండుగా ఉన్నాయి. ఆ ఇంటివాళ్ళేదో చెబుతుంటే పగలబడి నవ్వుతున్నాడు.

ఆమె టోపీ చేతిలోనే పట్టుకుని వెనక్కి తిరిగింది. ఆమెను చూసి ఆయన కుంటుకుంటూ వెనకే ఇంటికి చేరాడు.

"ఇలా ఎన్ని ఇళ్ళు?" అంది జూరకాన్.

"ఏ ఇంటి ముందు నడిస్తే ఆ ఇల్లు. రొట్టె చేతికిస్తే వద్దనమంటావా? మా నాన్న ఏనాడైనా వద్దన్నాడా?"

"కాలు పోతుంది పెద్దాయనా! నేనేమో పీచు తీసేయడంలో తప్పానా, పాలు ఎక్కువ పోశానా అని చస్తున్నాను. మీకు రొట్టె అంత ముఖ్యమైపోయిందా?"

"రొట్టె కోసం కాదే వెళ్ళేది!" అన్నాడాయన. "వాళ్ళు నాతో మాట్లాడతారు. ఈ ఇంట్లో నువ్వు లెక్కలు తప్ప ఇంకో మాట మాట్లాడి ఎన్నాళ్ళయింది?"

ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. కానీ అంతకన్నా పెద్ద నిజం ఆమె గుండెలో గడ్డకట్టి ఉంది.

"మరి నాతో ఎవరు మాట్లాడారు? ఎవరికీ చెప్పొద్దని నా నోరు కట్టేశారు. నన్ను పిసినారి అంటున్నారని నాకు తెలియదా? ఆ గుమ్మంలో నిలబడి మీరూ వినే ఉంటారు."

ఆయన తల దించుకున్నాడు. విన్నాడు.

"నువ్వన్నా వెళ్ళి ఇంత రొట్టె తిని రావచ్చుగా," అన్నాడు చివరికి. "నీకేం జబ్బు లేదు కదా."

"మీ ఎదురుగా తినలేను. మీ చాటున అసలే తినలేను. మీరు మానేశారనుకుని నేనూ మానేశాను."

ఉస్మానలీ చేతికర్ర అందుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, "పిండి కలుపు," అన్నాడు.

"ఎవరికి?"

"వచ్చేవాళ్ళకి. నేను పిలుచుకొస్తాను."

మధ్యాహ్నానికి నేల మీద భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ వీధి సగం కూర్చుంది. ఆయన రొట్టె చేతిలోకి తీసుకున్నాడు గానీ తుంచలేదు.

"నాకు చక్కెర జబ్బు. కాలికి పుండు. చెప్పొద్దని మా ఆవిడ నోరు నొక్కింది నేనే. దాన్ని మీరు అన్న మాటలన్నీ నాకు తగలాల్సినవి. ఇకమీద మీ ఇళ్ళలో రొట్టె ఇస్తే పెదవికి ఆనించి తిరిగి ఇచ్చేస్తాను, తిన్నట్టే లెక్క. ఏమనుకోకండి."

"అయ్యో వదినా!" అని బురుల్చా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేనెన్ని మాటలన్నానో..."

ఉస్మానలీ మొదటి తునక తుంచి పెదవికి ఆనించాడు. పెద్దల వరస, అతిథుల వరస అన్నీ దాటించి, అందరి ముందూ దాన్ని భార్యకు అందించాడు.

"ముందు నువ్వు తిను."

ఆమె రెండు చేతులా అందుకుంది. మెల్లగా నమిలి మింగింది. బురుల్చా జరిగి తన పక్కన చోటు చేసి, జూరకాన్‌ను కూర్చోబెట్టి, కెటిల్ తనే అందుకుని టీ పోసింది.